చూద్దాంగారు కట్టిన పుస్తకం

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. రెండు నెలల క్రితం మా చిన్న మామయ్య పోయినప్పుడు పలకరించడానికి ఫోన్ చేసినవాళ్లందరూ ఆయన దేవుడన్నారు. చెయ్యి తగిలితే పుండు మానేదన్నారు. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదన్నారు. మొదటిది నాకు తెలియదు. రెండోది సగం నిజం. మూడోది పచ్చి అబద్ధం. మామయ్య ఎవరినీ ఏమీ అనకుండా ఒక పూట గడిపాడంటే ఆ పూట ఆయన నోట్లో థర్మామీటర్ ఉండి ఉంటుంది. కళ్లు కూడా చారెడేమీ కావు. చిన్నవి, అందులో ఎడమది కాస్త మెల్ల. ఆ కళ్లతోనే ముప్పై ఒక్కేళ్లు ఆసుపత్రిలో కట్లు కట్టాడు.

ఆసుపత్రి వరండా చివర, మెట్ల కింద ఉండేది ఆయన గది. నిలబడాలంటే తల వంచాలి. ఒక ఎత్తు బల్ల, రెండు స్టూళ్లు, మూతలున్న స్టీలు డబ్బాలు, ఎప్పుడూ పోయిన నెల చూపించే క్యాలెండరు. డాక్టరు చీటీ మీద రెండు గీతలు గీసి పంపేవాడు. మిగతాదంతా మామయ్య పని. పాత కట్టు తడిపి విప్పడం, పుండు కడగడం, చుట్టూ చచ్చిన చర్మం కత్తిరించడం, మందు పెట్టి కొత్త కట్టు కట్టడం. "డాక్టరు రోగాన్ని చూస్తాడు, నేను పుండుని చూస్తాను. ఇంక మనిషిని చూసే తీరిక ఎవడికుంది?" అనేవాడు.

కాలు నిలుస్తుందా, చెయ్యి నిలుస్తుందా అని అడిగినవాళ్లకు ఆయన జవాబు ఒక్కటే. "చూద్దాం." ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తాపీమేస్త్రీకి "నీ కాలికి నాది పూచీ" అని మాటిచ్చాడట. పదో రోజున ఆ కాలు తీసేశారు. మేస్త్రీ వెళ్లేటప్పుడు కర్రల మీద ఆగి, ఈయన వైపు చూసి వెళ్లిపోయాడట. అప్పటినుంచి మామయ్య ఎవరికీ, దేనికీ మాటివ్వలేదు. సినిమాకొస్తావా అంటే చూద్దాం. అన్నం తింటావా అంటే కూడా చూద్దామే, కాకపోతే అప్పటికే కంచం ముందు కూర్చుని ఉండేవాడు. పెళ్లెప్పుడు చేసుకుంటావంటే చూద్దామన్నాడు. చూస్తూండగానే అరవై వచ్చాయి. మా నాన్న ఆయనకు చూద్దాంగారు అని పేరు పెట్టాడు. ఆ పేరు ఆసుపత్రి దాకా పాకింది.

ఇంట్లో ఏది విరిగినా ఆయనకు గాయంలాగే కనిపించేది. కుళాయి కారితే గాజ్ గుడ్డ చుట్టేవాడు. కుర్చీ కాలు, గొడుగు పిడి, కళ్లజోడు కాడ, రేడియో ఏరియల్, అన్నిటికీ తెల్లటి కట్లే. ఆ ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లకు సామాన్లన్నీ ఏదో యుద్ధం చేసి వచ్చి విశ్రాంతి తీసుకుంటున్నట్టు ఉండేది.

మా నాన్నదీ ఆయనదీ బావా బావమరుదుల పరాచికం. అది అన్ని ఇళ్లలోనూ ఉంటుంది గానీ వీళ్లు మధ్యలో భోజనానికి కూడా ఆపేవాళ్లు కాదు. నాన్న తపాలా ఆఫీసులో ఉత్తరాలు సార్టింగ్ చేసేవాడు. ఊరందరి ఉత్తరాలూ ఆయన చేతుల మీదుగా పోయాయి గానీ ఆయన మాత్రం జీవితంలో ఒక్క ఉత్తరం రాయలేదు. మా అమ్మకు కూడా. "రోజూ కనిపించేదానివి, నీకు ఉత్తరమేంటి?" అనేవాడు. ఆయన రాసిందంతా ఒకే ఒక పుస్తకం అంచుల్లో ఉంది.

అది తొమ్మిది వందల పేజీల ప్రపంచ చరిత్ర. గట్టి అట్ట, దాని మీద ఎర్ర గుడ్డ, ఇటుకంత బరువు. పాత పుస్తకాల దుకాణంలో కొన్నాడు. ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పి, పెన్సిల్ చెవి మీద పెట్టుకుని దాన్ని తెరిచేవాడు. చివరిదాకా వచ్చాక మళ్లీ మొదటికి వెళ్లేవాడు. పాతికేళ్లు అదే వరస. దాన్ని చదవడం అనకూడదు, రాజులతో తగువులాడటం అనాలి. ఒక చక్రవర్తి కట్టించిన కోట బొమ్మ పక్కన "ఇంత కట్టావు, బావిలో నీళ్లు పడ్డాయా?" అని ఉంటుంది. ఒక రాజు మంత్రి మాట వినక చెడిపోయిన చోట "మా ఇంట్లో మంత్రి మాట వింటూనే చెడిపోయాను" అని ఉంటుంది. ఆ మంత్రి మా అమ్మ.

నాన్న పోయిన రెండేళ్లకు, అమ్మ ఉండే ఫ్లాటులో స్నానాలగది గోడ చెమ్మగిల్లింది. గోడకు అవతలివైపు అలమరలో, అడుగు అరలో ఈ పుస్తకం ఉంది. అమ్మ చూసేసరికి కింది అంచులు తడిసి ఉబ్బాయి. వెనక గుడ్డ ఊడి వేలాడుతోంది. ముందు అట్ట చేతిలోకి వచ్చేసింది.

దాన్ని ఎండబెట్టి, బజారులో అట్టలు వేసే ఆయన దగ్గరకు తీసుకెళ్లాం. ఆయన బొటనవేలితో అంచు గీకి చూశాడు.

"మూడు పక్కలా మిషన్ మీద అర అంగుళం కోసేసి కొత్త అట్ట వేస్తానమ్మా. పెళ్లికూతురిలా ఉంటుంది."

"అంచుల్లో రాతలున్నాయి," అంది అమ్మ.

"అవి పిచ్చి రాతలమ్మా, పోతే పోతాయి. అచ్చు అక్షరానికి మాత్రం ఏమీ కాదు."

"అయితే ఆ అచ్చు నువ్వుంచుకో. పిచ్చి రాతలు నాకిచ్చెయ్."

ఆయన నా వైపు చూశాడు, ఈవిడకు ఏమైనా తేడానా అన్నట్టు. అమ్మ అప్పటికే పుస్తకాన్ని పాత చీర ముక్కలో మూట కట్టేసింది.

దారిలో అంది. "మీ నాన్న ఏం రాశాడో నాకు గుర్తే. ఏ పేజీలో ఏముందో కళ్లు మూసుకుని చెప్తాను. కానీ ఆ రాత నేను గుర్తుపెట్టుకోలేనుగా. అది చూస్తేనే ఉంటుంది."

మామయ్య ఆ ఆదివారం వచ్చి పుస్తకాన్ని బల్ల మీద పడుకోబెట్టి పరీక్ష చేశాడు. తట్టాడు, వాసన చూశాడు, అట్ట లేపి లోపలికి తొంగి చూశాడు.

"ఎన్నాళ్లయింది ఇలా అయ్యి?"

"రెండు నెలలు," అంది అమ్మ.

"అప్పుడే తీసుకురావాల్సింది," అన్నాడు అలవాటు కొద్దీ. "వెన్నెముక విరిగింది. కీళ్లు రెండూ జారాయి. కింద తడి పుండు. ప్రాణానికి భయం లేదు."

"బజారులో అతను కోస్తానన్నాడురా."

"వాడు కసాయి. నేను డ్రెస్సర్ని. కోయడం మా శాఖ కాదు."

"అయితే నువ్వు చెయ్యి. కానీ ఒక్క అక్షరం పోకూడదు. మాటివ్వు."

"చూద్దాం."

"ఆ మాట నీ పుళ్లవాళ్లకు చెప్పుకో. నాకు మాట కావాలి. లేదంటే పుస్తకం అలాగే మూటలో ఉంటుంది, నాతోపాటు పోతుంది."

మామయ్య జేబులోంచి పాత బస్సు టిక్కెట్టు తీశాడు. ఆలోచన వస్తే ఆయన చేసే పని ఒకటుంది. చేతికి దొరికిన కాగితం ముక్కను వత్తిలా చుట్టి చెవిలో తిప్పుకుంటాడు. ఆ టిక్కెట్టు అలా చాలాసేపు తిరిగింది.

"సరేలే అక్కా. మాటిస్తున్నాను. ఒక్క అక్షరం పోనివ్వను. సరా?"

ఆయన మాటివ్వడం నేను అదే మొదటిసారి చూడటం. ఆయనకే వింతగా ఉన్నట్టుంది, ఆ టిక్కెట్టు బయట పారేసి మంచినీళ్లు అడిగాడు.

మరుసటి ఆదివారానికి సరంజామాతో దిగాడు. రిటైరైన రోజున ఆసుపత్రివాళ్లు ఆయనకు ఒక గోడగడియారం ఇచ్చారు. వంపు కత్తెర, చిమటా, మూత్రపిండం ఆకారంలో ఉండే స్టీలు పళ్లెం, రెండు బస్తాలకు సరిపడా గాజ్ గుడ్డ ఆయనే తీసుకున్నాడు. "ముప్పై ఒక్కేళ్లు వాళ్ల దగ్గర ఉన్నాను, అవి నాకు అలవాటు పడిపోయాయి," అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆయనకు పుస్తకాల మీద గౌరవం ఏమీ లేదు. జీవితంలో మందు సీసా మీది కాగితం కంటే పొడుగైంది చదవలేదు. అయినా చేతికి పని తెలుసు. బల్ల మీద ప్లాస్టిక్ గుడ్డ పరిచి, ఊడిన అట్టను జాగ్రత్తగా విడదీసి పక్కన పెట్టాడు. మైదా ఉడికించి జిగురు చేయించాడు. దాన్ని పుస్తకం వీపుకు దట్టంగా పూసి అరగంట నానబెట్టి, ఎండిపోయిన పాత జిగురును చెంచా వెనకవైపుతో గీకాడు. అది గోధుమరంగులో ముద్దగా వచ్చింది.

"చీము చూడు ఎలా వస్తోందో," అన్నాడు ఆనందంగా.

"ఒరేయ్, తినే బల్లరా అది," అంది అమ్మ.

"మీ ఆయన ఈ బల్ల మీదే నన్ను ఎన్ని అన్నాడో, అంతకన్నా చీము ఏముంటుంది?"

వీపు శుభ్రమయ్యాక లోపలి సంగతి తెలిసింది. పెద్ద పుస్తకం విడి కాగితాల కట్ట కాదు. ఎనిమిదేసి ఆకులు కలిపి మడిచిన మడతలు, ఆ మడతలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి దారంతో కుట్టినది. ఆ దారం తెగింది. ముందు ఆకులు బాగుచేసి, తర్వాత మడతలు కుట్టి, వీపుకు గాజ్ గుడ్డ అంటించి, ఆ గుడ్డ రెక్కలను రెండు అట్టలకూ పట్టిస్తే మళ్లీ నిలబడుతుందని ఆయన లెక్క. "మోకాలికీ ఇదే పద్ధతి," అన్నాడు. ఆ రోజుకి అక్కడితో ఆపి, టీ తాగాడు.

"ఇది టీయా అక్కా, పుండు కడిగిన నీళ్లా?"

"తాగేవాణ్ని బట్టి ఉంటుందిరా."

రెండో ఆదివారం జరిగింది అసలు ఘోరం. అమ్మ మైదా అయిపోయిందని కింద దుకాణానికి వెళ్లింది. నేను పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాను. నా తప్పు కూడా ఉందని అందుకే చెబుతున్నాను. మామయ్య ఒక్కో మడత విప్పి ఆకులు చూసుకుంటున్నాడు. తడి తగిలిన ఆకుల కింది అంచులు మాడిన రంగుకు తిరిగి, పెళుసెక్కి, ముట్టుకుంటే రాలుతున్నాయి. ఆయన నోరు ఎవరో సూపరింటెండెంటు బట్టతల గురించి చెబుతోంది. చేతులు వాటి పని అవి చేసుకుంటున్నాయి. వంపు కత్తెర చర్రు చర్రుమని నడుస్తోంది. సన్నటి కాగితం పట్టీలు పళ్లెంలో పడుతున్నాయి. ఆ చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. ఏం కోస్తున్నాడో చూద్దామని నాకు తోచలేదు. కోస్తున్నానని ఆయనకూ తోచలేదు. చచ్చిన అంచు తీస్తే గానీ కొత్త కండ పట్టదు. ముప్పై ఒక్కేళ్లు రోజుకు నలభై సార్లు చేసిన పని.

అమ్మ వచ్చి మైదా పొట్లం బల్ల మీద పెట్టింది.

"ఆ పళ్లెంలో ఏమిటిరా?"

"చచ్చిన చర్మం," అన్నాడు తలెత్తకుండా.

అమ్మ ఒక పట్టీ తీసి కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుంది. దాని మీద పెన్సిల్‌తో "వట్టి దద్దమ్మ" అని ఉంది. కత్తెర ఆగింది. మామయ్య తన చేతి వైపు, అది ఇంకెవరి చెయ్యో అన్నట్టు చూసుకున్నాడు.

అమ్మ అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. పళ్లెంలో ఉన్నవాటిని వేలితో కదిపింది.

"కసాయి దగ్గర్నుంచి తెచ్చి నీకిచ్చాను," అంది చివరికి.

"అక్కా, నేను..."

"కావాలనే చేశావు."

"కావాలనా? ఎందుకు?"

"అందులో నీ గురించి ఉన్నాయి కాబట్టి."

మామయ్యకు అది కొత్త సంగతి. "నా గురించా? ప్రపంచ చరిత్రలోనా?"

"చాలాచోట్ల."

ఆయన కత్తెర కింద పెట్టేశాడు. మెల్లకన్ను ఇంకాస్త పక్కకు పోయింది. "కావాలని చేయలేదే అక్కా. ఒట్టు. చెయ్యి పోయింది, అంతే. అంటిస్తాను. ఒక్కొక్కటీ దాని చోట్లో పెడతాను. కానీ ఏది ఎక్కడిదో నాకు తెలియదు. నువ్వు చెప్పాలి."

అది నిజం. నాన్న రాత, చీమలు సిరాలో కాళ్లు ముంచి నడిచినట్టు ఉండేది. నాకూ సగమే తెలిసేది. చదవగలిగింది అమ్మ ఒక్కతే. కాబట్టి తప్పు చేసినవాడు, నష్టపోయినావిడ ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చోక తప్పలేదు. అమ్మ పట్టీ తీసి చదువుతుంది, పేజీ చెబుతుంది. నేను ఆ పేజీ తీసి ఇస్తాను. మామయ్య కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే పల్చటి తెల్ల కాగితం సన్నగా చింపి, పల్చటి జిగురు రాసి, పట్టీని తెగిన చోట ఆనించి, వెనక నుంచి అతికిస్తాడు. చిమటాతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి.

మొదటి పది పట్టీలు రాజులకు సంబంధించినవే. తర్వాత అమ్మ ఒకటి తీసి, చదవకుండా పెదవులు బిగించింది.

"చదువక్కా."

"'ఓడిపోయి కూడా ఊరేగింపు పెట్టుకున్నాడు. వీడు మా బావమరిదికి చుట్టమై ఉండాలి.' రెండు వందల పదకొండు."

మామయ్య జిగురు రాశాడు. అతికించాడు. వేలితో నెమ్మదిగా అదిమాడు.

"తర్వాత?"

"'తిండికి ముందు, యుద్ధానికి వెనక. ఈ సేనాపతిని మా ఇంట్లో రోజూ చూస్తాను.'"

"రోజూ కాదు, ఆదివారమే వచ్చేవాణ్ని. బావకు అబద్ధాలెక్కువ. ఇలా ఇవ్వు."

"'వైద్యుడు చూద్దాం అన్నాడు, రాజు చచ్చాడు.' ఇది కూడా నువ్వే."

మామయ్య ఆ పట్టీని కాస్త ఎక్కువసేపు పట్టుకున్నాడు. అది అతికించేటప్పుడు వంకర పోయింది. తడిపి తీసి, మళ్లీ సూటిగా పెట్టాడు.

"మొత్తం ఎంతమంది రాజులతో పోల్చాడు నన్ను?"

"ఇప్పటికి ఏడుగురు."

"అందులో గెలిచినవాడు ఒక్కడైనా ఉన్నాడా?"

"లేడు."

"చూశావా అమ్మాయ్," అన్నాడు నాతో. "మనుషులు పోతే మంచివాళ్లవుతారంటారు. మీ నాన్న పోయాక కూడా తిడుతూనే ఉన్నాడు. ఆ తిట్లకు నేనే కట్లు కట్టాలి."

అమ్మకు నవ్వొచ్చింది. ఆపుకుందామని చూసింది గానీ ఆగలేదు. నాన్న పోయాక ఆ ఇంట్లో ఆవిడ అలా నవ్వగా నేను వినడం అదే మొదటిసారి.

సాయంత్రానికి పళ్లెం ఖాళీ అయింది. మామయ్య కోసిన ఆకులు లెక్కపెట్టాడు. నలభై మూడు. అతికించినవి లెక్కపెట్టాడు. నలభై రెండు. నాలుగు వందల పన్నెండో పేజీ కింద ఇంకా మొండిగానే ఉంది. అది ఏదో పెద్ద యుద్ధం ముగిశాక రాజులందరూ సంతకాలు చేసి, ఏడాది తిరక్కుండా తప్పిన ఒప్పందం గురించిన పేజీ. దాని అడుగున నాన్న రెండు వరసలు రాశాడు. పై వరస మిగిలింది. "ఇచ్చిన మాట మీద నిలబడినవాడు ఒక్కడూ లేడు. ఒక్క మా బావమరిది మాత్రం" అని ఉంది. కింది వరస కత్తెరకు పోయింది.

బల్ల కింద వెతికాం. ప్లాస్టిక్ గుడ్డ దులిపాం. చెత్తబుట్ట బోర్లించాం. పేపరు మడతల్లో చూశాం. మామయ్య తన చెప్పుల అడుగులు కూడా చూసుకున్నాడు. చూసి, అలాగే చెప్పు చేత్తో పట్టుకుని ఆగిపోయాడు.

"అక్కా, ఒకటి చెవిలో తిప్పుకున్నాను."

"ఏంటీ?"

"అలవాటు. ఒక పట్టీ తీసి... తర్వాత కిటికీలోంచి పారేశాను."

కిటికీ కింద రోడ్డు. మేం రెండో అంతస్తులో ఉన్నాం. బయట మధ్యాహ్నం నుంచి గాలి కొడుతోంది.

అమ్మ ఆయన వైపు చూసి, నింపాదిగా అంది. "ఆయన బతికుండగా ఒక్క మాట చెవిన పెట్టావట్రా? ఇప్పుడు పెట్టావు, అదీ చెత్త తీసుకోడానికి."

మామయ్య కిందికి వెళ్లాడు. కిటికీలోంచి చూస్తే, కాలవ పక్కన గొంతుక్కూర్చుని, ఆకులూ కాగితాలూ చిమటాతో తిరగేస్తున్నాడు. వచ్చేపోయేవాళ్లు ఏమైనా పోయిందా అని అడుగుతున్నారు. ఆయన ఏం చెప్పాడో వినపడలేదు. చీకటి పడేముందు ఖాళీ చేతులతో పైకి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. నేను ఆ తాపీమేస్త్రీని ఎప్పుడూ చూడలేదు గానీ, మెట్ల కింద గదిలోంచి మామయ్య అతని వైపు ఏ మొహంతో చూసి ఉంటాడో అప్పుడు తెలిసింది.

"మాటిచ్చాను కదే," అన్నాడు.

అమ్మ "చేతులు కడుక్కో, టీ పెడతాను," అంది.

"ఆ కింది వరసలో ఏముందక్కా? నీకు అన్నీ గుర్తే కదా."

"అదొక్కటీ గుర్తు లేదు."

ఇంకో రెండు ఆదివారాల్లో పుస్తకం నిలబడింది. కొవ్వొత్తి మైనం పట్టించిన దారంతో మడతలన్నీ కుట్టాడు. వీపుకు గాజ్ గుడ్డ అంటించి, పాత ఎర్ర అట్టను మళ్లీ తొడిగాడు. జిగురు ఆరేదాకా రెండు పలకల మధ్య పెట్టి, పైన ఇస్త్రీపెట్టె, దాని మీద నీళ్ల బిందె పెట్టాడు. చాలలేదు.

"అక్కా, అవి తీసి ఓ గంట నువ్వు కూర్చో. నీ బరువు ఇన్నాళ్లకు ఒక పనికొస్తుంది."

అమ్మ నిజంగానే కూర్చుంది. మీద కూర్చుని చిక్కుళ్లు ఒలిచింది.

ఆ పుస్తకం ఇప్పటికీ గట్టిగానే ఉంది. తెరిస్తే డెట్టాల్ వాసన వస్తుంది. కీళ్ల దగ్గర గుడ్డ అల్లిక తెల్లగా కనిపిస్తుంది. నాలుగు వందల పన్నెండో పేజీ అడుగున, పోయిన పట్టీ చోట, చెప్పుల పెట్టె కాగితం ఖాళీగా ఉంటుంది.

పుస్తకం అయిపోయాక మామయ్య ఆదివారాలు మానలేదు. నాన్న పోయాక నెలకొకసారి వచ్చేవాడు, అదీ ఆకలి వేస్తే. ఇప్పుడు ప్రతి ఆదివారం పదింటికల్లా దిగేవాడు. చెప్పులు విప్పుతూనే అడిగేవాడు.

"గుర్తొచ్చిందా?"

"చూద్దాం," అనేది అమ్మ. ఆయన మాట ఆయనకే వడ్డించేది.

"'ఒక్క మా బావమరిది మాత్రం బంగారం' అని ఉంటుంది."

"బంగారమైతే ఆ వరసలోనే పట్టేదిరా. కింది వరస దాకా ఎందుకు వెళ్తాడు?"

"అయితే 'మాత్రం నిలబడతాడు' అని."

"నువ్వు నిలబడేది బస్సులోనే."

"నీకు మిగతా తొమ్మిది వందల పేజీలూ గుర్తున్నాయి. ఇదొక్కటి ఎలా పోయింది?"

"నీ చెవిలోకి పోయింది."

ఇలా ఆరేళ్లు. ఒక ఆదివారం తిట్టు అయి ఉంటుందని ఒప్పుకునేవాడు, ఇంకో ఆదివారం పొగడ్తేనని వాదించేవాడు. ఒకసారి జ్వరంతో కూడా వచ్చాడు. వాదించే ఓపిక లేక, పేజీ తీసి ఆ ఖాళీ కాగితం వైపు చూస్తూ కూర్చుని, టీని తిట్టి వెళ్లిపోయాడు.

రెండు నెలల క్రితం, ఒక గురువారం ఉదయం, గడ్డం గీసుకుంటూ అద్దం ముందు పడిపోయాడు. సగం గడ్డంతోనే పోయాడు. ఆయన పనిచేసిన ఆసుపత్రికే తీసుకెళ్లాం. మెట్ల కింద గదిలో ఇప్పుడు పనిచేస్తున్న అమ్మాయి ఆయన దగ్గర పని నేర్చుకున్నదే. బ్లేడు తెగిన చోట రక్తం తుడిచి, గడ్డం మీద చిన్న కట్టు వేసింది. పోయినవాడికి కట్టెందుకని అక్కడ ఎవరూ అడగలేదు. అమ్మ వంగి చూసింది.

"వీడైతే ఇంకా నీటుగా కట్టేవాడు," అంది.

ఆ తర్వాత ఆదివారం అమ్మ దగ్గరకు వెళ్లాను. పది దాటింది. అమ్మ పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏ పేజీ తెరిచి ఉందో నాకు చూడక్కర్లేకపోయింది.

"'ఎవరికీ మాటే ఇవ్వడు, ఇంక తప్పేదేముంది,'" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత పై వరసతో కలిపి చదువుకున్నాను. ఇచ్చిన మాట మీద నిలబడినవాడు ఒక్కడూ లేడు. ఒక్క మా బావమరిది మాత్రం ఎవరికీ మాటే ఇవ్వడు, ఇంక తప్పేదేముంది.

"నీకు మొదటినుంచీ గుర్తే."

"గుర్తుండక?"

"మరి ఆయనకెందుకు చెప్పలేదు?"

"ఆ రోజు వాడు గుమ్మంలో ఎలా నిలబడ్డాడో నువ్వూ చూశావు. జన్మకో మాటిచ్చి తప్పి వచ్చినవాడికి ఇది చదివి వినిపించమంటావా?"

"తర్వాతైనా చెప్పొచ్చుగా. ఆరేళ్లు."

"తర్వాత చెప్తే? 'ఓస్, ఇంతేనా' అని టీ తాగి పోయేవాడు. మళ్లీ ఎవరో చస్తే గానీ కనపడేవాడు కాదు." అమ్మ ఆ ఖాళీ కాగితాన్ని బొటనవేలితో రాసింది. "వాడు వస్తే మీ నాన్న కూడా వచ్చినట్టుండేది. ఇద్దరూ కొట్టుకుంటుంటే నేను చిక్కుళ్లు ఒలుచుకుంటున్నట్టు."

నేను బల్ల మీద పెన్సిల్ తీశాను. ఆ వరస అక్కడ రాసి ఇస్తానన్నాను. అమ్మ పుస్తకం మూసేసింది.

"నీ రాత ఎందుకు అందులో? అయినా అది పూర్తి కాదు. దాని చివర ఇంకో మూడు మాటలు ఉండేవి."

"ఏమిటవి?"

"గుర్తు రావట్లేదు."

"అమ్మా."

"చూద్దాం. ఆదివారం రా."

అప్పటినుంచి ప్రతి ఆదివారం పదింటికి వెళ్తున్నాను. ఆ మూడు మాటలు ఇంకా గుర్తు రాలేదు. టీ మాత్రం మామయ్య చెప్పినట్టే ఉంటుంది.